ఆ హాస్టల్ వేరు, ఈ హాస్టల్ వేరు

ఒరేయ్ తమ్ముడూ,

మీ పాపను విశాఖలో యూనివర్సిటీ హాస్టల్లో చేర్పించే సంగతి నిన్న రాత్రి ఫోన్లో పది నిమిషాలు మాట్లాడావు, అందులో తొమ్మిది నిమిషాలు పెట్టె ఎంతది కొనాలి, రైస్ కుక్కర్ పెట్టుకోనిస్తారా, బకెట్ కందుకూరులోనే కొనేద్దామా అనేదే. ఆ సంగతి తర్వాత చెప్తాను. పెట్టేసే ముందు ఒక మాటన్నావు చూడు, "ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లోనే ఉందిగా అక్కా, దానికి అలవాటేలే" అని, ఆ మాటకు నాకు రాత్రంతా నిద్ర లేదు. అందుకే పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా కూర్చుని రాస్తున్నా. మరదలికి చదివి వినిపించు, ఇందులో సగం ఆమెకే.

నేను కాలేజీ ఆఫీసులో అడ్మిషన్ల సీట్లో 26 ఏళ్లు కూర్చున్నాను కదా, కొత్తగా చేరే పిల్లలు కౌంటర్ ముందు నిలబడే తీరు చూసే చెప్పేసేదాన్ని, ఇది ఇంట్లో ఉండి చదివిన పిల్ల, ఇది కార్పొరేట్ కాలేజీ హాస్టల్ నుంచి వచ్చిన పిల్ల అని. ఇంటి పిల్లలు భయపడుతూనే అడుగుతారు, మేడమ్ చలానా ఎక్కడ కట్టాలి, ఈ ఫారం మీద ఎవరు సంతకం పెట్టాలి అని. హాస్టల్ పిల్లలు అడగరు, ఎవరో వచ్చి చెప్తారని ఓ పక్కన నిలబడి ఉంటారు. వాళ్ల తప్పేముంది? పొద్దున అయిదింటికి గంట కొడితే లేచారు, రాత్రి స్టడీ అవర్ అయ్యాక గంట కొడితే పడుకున్నారు, చేతిలో ఫోన్ లేదు, డబ్బు లేదు, గేటు దాటాలంటే నువ్వు పోయి సంతకం పెట్టాలి. పాప వెయ్యికి 960 తెచ్చుకుంది, నాకు ఎంత గొప్పగా ఉందో నీకు తెలుసు. కానీ మొన్న మా ఇంటికొచ్చినప్పుడు కార్డిచ్చి ఏటీఎంలో రెండు వేలు తీసుకురామ్మా అంటే, "అత్తా, నువ్వూ రా" అంది. 18 నిండిన పిల్ల.

యూనివర్సిటీలో గంట కొట్టేవాళ్లు ఉండరురా. క్లాసుకు పోకపోతే రూముకొచ్చి లేపేవాళ్లు లేరు, మెస్సులో తినకపోతే అడిగేవాళ్లు లేరు. అటెండెన్స్ 75 శాతం కంటే తగ్గిందన్న సంగతి సెమిస్టర్ చివర్లో నోటీసు బోర్డు మీద కనబడుతుంది, అప్పుడు పరీక్ష ఫీజు కట్టించుకోరు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కూడా ఆ 75 కావాలి. ఇంటర్లో అయితే ఒక్కరోజు జ్వరమొచ్చినా నీకు మెసేజ్ వచ్చేది.

మా పెద్దోడి సంగతి నీకు సగమే తెలుసు. ఇంజనీరింగ్ మొదటి ఏడాది వాడికి లెక్కల పేపరు పోయింది. ఎనిమిది నెలలు మాకు చెప్పలేదు. ఊళ్లో వాళ్ల పిల్లల మార్కుల లిస్టులన్నీ నా చేతుల మీదుగా పోతుంటాయి, నా కొడుకు సప్లీ రాస్తున్నాడని నాకు తెలియదు, చూడు ఎంత విచిత్రమో. పరీక్ష ఫీజుకు రూమ్మేట్ దగ్గర అప్పు చేశాడు, ఆ పిల్లోడు వాళ్ల నాన్నకు చెప్పుకున్నాడు, ఆయన మీ బావకు ఫోన్ చేశాడు. మీ బావ చెయ్యెత్తాడు కూడా. వాడు ఏడుస్తూ ఒకటే అన్నాడు, "తిన్నావా అని అడుగుతారు, ఆ వెంటనే మార్కులెంత అంటారు, మధ్యలో నేనెప్పుడు చెప్పాలి?" అని. దానికి నా దగ్గర జవాబు లేదు.

అందుకని బండి ఎక్కించే ముందే, నువ్వే, మరదలి చేత కాకుండా నీ నోటితో పాపకు చెప్పు, మొదటి సెమిస్టర్లో ఒక పేపరు పోయినా పోవచ్చు, పోతే ముందు నాకే చెప్పు, నేను తిట్టను అని. నిజంగా పోయినప్పుడు తిట్టకుండా ఉండటం ఇంకా కష్టం, అది ఇప్పట్నుంచే అలవాటు చేసుకో. నీ కోపం నాకు తెలుసు.

ఇంకా మూడు వారాలు ఉంది కదా. ఈ మూడు వారాలూ పాప పనులు నువ్వు చెయ్యొద్దు. పొద్దున్నే లేపొద్దు, అలారం పెట్టుకుని అదే లేవనీ, రెండు రోజులు తొమ్మిదింటికి లేస్తే లేవనీ. బట్టలు అదే ఉతుక్కుంటుంది, మరదలికి ఎంత మనసొప్పకపోయినా. బ్యాంకుకు ఒక్కదాన్నే పంపు, నువ్వు బయట స్కూటర్ మీద కూడా కూర్చోవద్దు. ఒంగోలు దాకా బస్సులో ఒక్కతే రానీ, బస్టాండు నుంచి ఆటో బేరమాడుకుని మా ఇంటికి చేరనీ. ఒకసారి తప్పిపోతే పోనీ, ఒంగోల్లో తప్పిపోతే పది నిమిషాల్లో నేనొస్తాను, విశాఖలో తప్పిపోతే దాదాపు 500 కిలోమీటర్ల అవతల ఎవరొస్తారు?

కాగితాలు. ఇది నా ఉద్యోగం కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, విసుక్కోకు. అన్నిటికీ ఆధారం పదో తరగతి మెమో, దాని మీద పేరు, ఇంటిపేరు ఎట్లా ఉంటే ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో అట్లాగే ఉండాలి. ఒకచోట ఇంటిపేరు మొత్తం, ఇంకోచోట ఒక్క అక్షరం ఉంటే స్కాలర్‌షిప్ దగ్గర తిప్పలు పడతారు, నేను చూసిన తిప్పల్లో సగం అవే. జిల్లా పేరు గురించి మాత్రం టెన్షన్ పడకు, 2022 ఏప్రిల్లో కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపారు కాబట్టి పుట్టిన సర్టిఫికెట్లో ప్రకాశం, ఆ తర్వాత తీసిన కాగితాల్లో నెల్లూరు ఉండొచ్చు, మన వైపు పిల్లలందరిదీ అదే కథ, పాత కాగితం పాతదిగానే చెల్లుతుంది. ఒరిజినల్స్ వెరిఫికేషన్‌కి చూపించి వెనక్కి తెచ్చుకోవాలి, సర్టిఫికెట్లు కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూనివర్సిటీల మీద ఉండే యూజీసీ 2018లోనే చెప్పింది. ఆపైన అన్నీ అయిదేసి జెరాక్సులు, అన్నీ ఫోన్లో స్కాన్ చేసి, ప్రభుత్వం వాళ్ల డిజిలాకర్ యాప్‌లో పెట్టుకోవడం పాపకే నేర్పించు.

అసలైన సంగతి, పాప ఆధార్‌కి ఎవరి ఫోన్ నంబరు ఉంది? నీదే కదా. మరి విశాఖలో అది స్కాలర్‌షిప్ పోర్టల్ ముందు కూర్చుంటే ఓటీపీ నీ ఫోన్‌కు వస్తుంది, నువ్వు పొగాకు చేలో ఉంటావు, ఫోన్ గట్టు మీద ఉంటుంది. 18 నిండాయి కాబట్టి దాని పేరు మీదే సిమ్ తీసుకోండి, ఆ నంబరు ఆధార్‌కి ఎక్కించండి, 15 ఏళ్లు దాటాక వేలిముద్రలు మళ్లీ ఇచ్చిందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. స్కూల్లో ఉన్నప్పుడు తీసిన బ్యాంకు ఖాతా మైనర్ ఖాతా, దాన్ని మేజర్‌గా మార్చి, కొత్త సంతకం ఇచ్చి, కేవైసీ చేయించాలి. ఇవన్నీ ఈ వారమే.

డబ్బు మాట. మన వైపు పొగాకు రైతుకు ఏడాదంతా డబ్బు ఒక్కసారే కనబడుతుంది, మార్చి నుంచి వేలం నడిచినన్నాళ్లూ. పొగాకు బేళ్లు అమ్మిన డబ్బు ఆగస్టుకు బాకీలకు పోతుంది, సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి నారు, నాట్లు, కూలీలు, ఎరువులు అని మళ్లీ చెయ్యి చాస్తాం. సరిగ్గా అప్పుడే హాస్టల్ మెస్ డిపాజిట్ అని, పుస్తకాలని, లాప్‌టాప్ అని అడుగుతారు. వచ్చే ఏడాది నుంచి వేలం డబ్బు చేతిలో పడ్డ రోజే రెండో సంవత్సరం ఫీజు పక్కన పెట్టు, ప్రభుత్వం రీయింబర్స్ చేస్తుందన్నా సరే పెట్టు, అది ఎప్పుడు పడుతుందో ఎవరి చేతుల్లో ఉంటుంది? తక్కువ పడితే నూటికి రెండు రూపాయల వడ్డీకి పోవద్దు. అది ఏడాదికి 24 అవుతుంది, బ్యాంకు చదువు లోను దాంట్లో సగం కూడా ఉండదు, నాలుగు లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు, కోర్సు అయ్యాక ఏడాది దాకా కంతులు మొదలు కావు. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది, అది గుర్తుపెట్టుకో.

ఇంకో సంగతి, నీకు నచ్చదు. మన అప్పు ఎంతుందో పాపకు చెప్పు. బెదిరించడానికి కాదు, "నీకోసం ఎంత కష్టపడుతున్నానో చూడు" అనే గొంతుతో అసలు కాదు. కిందటేడు బేలు ఎంతకు పోయింది, పొగాకు కాల్చే బ్యారన్ కట్టెలకు ఎంతయింది, మిగిలిందెంత, ఇంతే, ఒక కాగితం మీద రాసి చూపించు. నెలకు ఇంత పంపగలను అని ఒక మొత్తం చెప్పి, ఒకటో తారీఖున ఒక్కసారే పంపు. రోజూ అయిదొందలు, మూడొందలు ఫోన్‌పే కొట్టొద్దు. మొదటి రెండు నెలలూ పాప ఇరవయ్యో తారీఖుకే ఖాళీ చేసుకుంటుంది, చేసుకోనీ, మెస్సు ఉంటుంది కాబట్టి పస్తు ఉండదు. మూడో నెల నుంచి మిగులుతుంది.

ఫోన్ల గురించి మరదలితో. రోజుకు అయిదు సార్లు చెయ్యొద్దమ్మా. మా చిన్నది విశాఖలో చదివేటప్పుడు నేను అట్లాగే చేసేదాన్ని, ఎత్తకపోతే రూమ్మేట్‌కి, ఆ పిల్ల ఎత్తకపోతే వార్డెన్‌కి. తర్వాత 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మూడు రోజులు ఏ ఫోనూ కలవలేదు. తుఫాన్లు మనకు కొత్తవి కావు గానీ, మనం తుఫానులో ఉండటం వేరు, పిల్ల తుఫానులో ఉండి మనం ఇంట్లో టీవీ ముందుండటం వేరు. నాలుగో రోజు ఎవరిదో ఫోన్ నుంచి చేసి, "అమ్మా, బాగున్నాను, లైన్లో నా వెనక నలభై మంది ఉన్నారు, పెట్టేస్తున్నా" అంది. అంతే. తర్వాత తెలిసింది, కొవ్వొత్తులు అందరికీ లెక్కపెట్టి పంచింది, ట్యాంకర్ దగ్గర నీళ్లు పట్టింది. ఇంట్లో బిందె ఎత్తని పిల్ల. ఆ మూడు రోజుల్లో నాకు పనికొచ్చింది ఒకటే, దాని స్నేహితురాలి అమ్మానాన్నల నంబర్లు, వాళ్లది భీమిలి, వాళ్లే మనిషిని పంపి కనుక్కున్నారు. కాబట్టి చేర్పించిన రోజే రూమ్మేట్ల ఇంటి నంబర్లు తీసుకోండి, పాప చేత ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాయించి పర్సులో పెట్టించండి. రోజూ ఫోన్‌కు ఒక వేళ అనుకోండి, రాత్రి భోజనం అయ్యాక ఒక్కసారి, మిగతా వేళల్లో అదే చేస్తే ఎత్తండి.

ర్యాగింగ్ గురించి ఊళ్లో వాళ్లు ఏవేవో చెప్తుంటారు, వినొద్దు. చేరేటప్పుడు పాపా నువ్వూ ఇద్దరూ అఫిడవిట్ ఇవ్వాలి, అది ఊరికే సంతకం పెట్టే కాగితం కాదు, చదివి పెట్టు. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522, రాత్రీ పగలూ ఉంటుంది, పర్సులో పెట్టే ఆ నంబర్ల కాగితంలోనే రాయించు. ఏదైనా జరిగి పాప చెప్తే "నువ్వేం చేశావు ముందు" అని మాత్రం అడగొద్దు.

ఇక పెట్టె. చిన్నది కొను, రైలు మెట్ల మీద పాప ఒక్కతే ఎత్తగలిగినంతది. బకెట్, మగ్గు, పరుపు అక్కడే కొనుక్కోండి, కందుకూరు నుంచి బకెట్ మోసుకుపోయిన వాణ్ణి నేనొకణ్ణి చూశాను, మీ బావే. రైస్ కుక్కర్ వద్దు, పట్టుకుంటే తీసేసుకుంటారు. తాళాలు రెండు, దోమతెర ఒకటి. పచ్చళ్లు పెద్ద సీసాలో కాకుండా అరకిలో డబ్బాల్లో పెట్టు, గోంగూర డబ్బా తెరిస్తే రూములో అందరూ కలిసి మూడో రోజుకు ఖాళీ చేస్తారు, అయినా పెట్టు, స్నేహాలు అట్లాగే కలుస్తాయి. సంక్రాంతికి రావాలంటే రైలు టికెట్ 60 రోజుల ముందు తెరుస్తారు, జనవరి 11న బయల్దేరాలంటే నవంబరు 12 పొద్దున ఎనిమిదింటికి కూర్చోవాలి. అది కూడా పాపే చేసుకోవాలి, నువ్వు గుర్తు చెయ్యొచ్చు, ఒక్కసారే.

పోయిన మొహర్రానికి రొట్టెల పండగలో మరదలు నెల్లూరు స్వర్ణాల చెరువులో చదువు రొట్టె పట్టుకుంది కదా, కోరిక తీరింది కాబట్టి వచ్చే పండక్కి పోయి ఆమె ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. మర్చిపోవద్దని చెప్పు, నేనూ వస్తాను.

చేర్పించిన రోజు సాయంత్రానికే వెనక్కి బయల్దేరండి. రెండు రోజులు లాడ్జిలో ఉండి చూసొద్దామని మరదలు అంటుంది, ఒప్పుకోకు. మీరు గేటు బయట ఉన్నంతసేపూ పాప రూమ్మేట్‌తో మాట్లాడదు. పోయేటప్పుడు సింగరాయకొండలో బండి కదలగానే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఒంగోలు స్టేషన్‌కు వస్తాను. కోచ్ నంబరు ముందే మెసేజ్ పెట్టు, బండి ఆగేది కాసేపే, చింతకాయ తొక్కు డబ్బా కిటికీలోంచే ఇచ్చేస్తా.

మీ అక్క