ఆటో లెవెలింగ్ ఉన్న ఎస్‌యూవీ వెనక భాగం కొంచెం దించాలంటే

అన్నా, వెనక ఒక అంగుళం దించాలి, కానీ ఏం చేసినా ఆటో లెవెలింగ్, అంటే బండి ఎత్తుని దానంతటదే సరిచేసే సిస్టమ్, మళ్లీ పైకి లేపేస్తోంది అన్నారు కదా. ముందు మీ బండికి వెనక సస్పెన్షన్‌లో బరువు మోసే గాలి సంచులు, అదే ఎయిర్ బ్యాగులున్నాయో, స్ప్రింగులున్నాయో చూడండి.

ఎయిర్ బ్యాగులైతే వాటి జోలికి వెళ్లక్కర్లేదు. ఛాసిస్‌కి బిగించిన హైట్ సెన్సర్ నుంచి చక్రంతో పాటు పైకీ కిందికీ కదిలే సస్పెన్షన్ ఆర్మ్‌కి సన్నటి లింక్ రాడ్ ఉంటుంది, బండి ఎంత ఎత్తులో ఉందో కంప్యూటర్‌కి తెలిసేది దానివల్లే. లింక్ సెన్సర్ నుంచి కిందికి దిగేలా ఉంటే దాన్ని కొంచెం పొట్టి చేస్తే చాలు, బండి ఎత్తుగా ఉందనుకుని సిస్టమే గాలి వదిలి దించుతుంది. లింక్ పైకి ఉంటే దీనికి ఉల్టా చేయాలి. రెండు వైపులా సెన్సర్లుంటే రెండూ సమానంగా మార్చండి, లేకపోతే బండి ఒక పక్కకి వాలుతుంది. కొన్ని మిల్లీమీటర్ల మార్పే వెనక బాగా తేడా చూపిస్తుంది కాబట్టి కొద్దికొద్దిగానే తిప్పండి. అడ్జస్టబుల్ లింక్ దొరక్కపోతే ఆటోనగర్‌లో మంచి లేత్ వర్క్‌షాప్‌లో చేయించుకోవచ్చు.

స్ప్రింగులూ, లోపలే పంప్ ఉన్న సెల్ఫ్ లెవెలింగ్ షాక్ అబ్జార్బర్లూ అయితే సెన్సరే ఉండదు, కాబట్టి ఈ పద్ధతి పనిచేయదు. స్ప్రింగ్ కోయించడం మాత్రం అస్సలు వద్దు.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి అన్నా, జాక్ స్టాండ్లు లేకుండా కిందికి దూరొద్దు, గాలి దిగితే బండి మీదికి వచ్చేస్తుంది. పనయ్యాక హెడ్‌లైట్ల ఎత్తు కూడా చూపించండి, వెనక దిగితే వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది.