నానోటెక్నాలజీ బీటెక్‌లో చేరాలా, మెకానికల్ తీసుకోవాలా?

ఇంటర్ ఎంపీసీ అయ్యాక రెండు సీట్లూ చేతిలో ఉన్నాయని, ఏది తీసుకోవాలని అడిగారు. నేను నాలుగేళ్లు నానోటెక్నాలజీలోనే చదివాను. అయినా మెకానికల్‌లో చేరండి, నానోను ఎంటెక్‌కు దాచుకోండి అంటాను. చదువు బాగుండక కాదు.

రెండో ఏడాది ల్యాబ్‌లో బంగారు నానోకణాలు చేయించారు. 1951 నాటి టర్కెవిచ్ పద్ధతి. లేత పసుపు బంగారు క్లోరైడ్ ద్రావణాన్ని మరిగిస్తూ సోడియం సిట్రేట్ పోస్తే ముందు రంగు పోతుంది, తర్వాత సిరా కలిపినట్టు నల్లబడుతుంది, కాసేపటికి దానిమ్మ రసంలా ఎర్రబడుతుంది. ఒక్కో కణం సుమారు 15 నానోమీటర్లు (నానోమీటరు అంటే మీటరులో వందకోట్ల వంతు). పక్క జట్టు ఫ్లాస్కు ఎర్రగా మెరుస్తుంటే మాది ఊదారంగు దగ్గరే ఆగింది, మర్నాటికి అడుగున నల్లటి మడ్డి. ఆక్వా రీజియాతో (బంగారాన్నీ కరిగించే ఆమ్లాల మిశ్రమం) కడగాల్సిన ఫ్లాస్కును సబ్బుతో తోమి, కుళాయి నీళ్లతో తొలిచాం. ఆ నీళ్లలోని లవణాలు కణాలను ఒకచోటికి చేర్చేశాయి. మళ్లీ చేద్దామంటే ఆ సెమిస్టరుకు ఇచ్చిన బంగారం అయిపోయింది!

అసలు ఇబ్బంది చేసినదాన్ని చూసుకోవడంలో వచ్చింది. మా కాలేజీలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లేదు. ప్రాజెక్టు నమూనాలు వేరే సంస్థకు పంపి, రుసుము కట్టి, మూడు వారాలు ఆగితే నాలుగు ఫోటోలు వచ్చాయి. చేరే ముందు అక్కడి సీనియర్లను ఒక్కటే అడగండి: ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్ కిరణాలతో పదార్థంలో అణువుల అమరికను కనిపెట్టే) యంత్రాన్ని మీ చేతులతో నడిపారా, లేక గ్రాఫు కాగితం మాత్రమే అందుకున్నారా?

ఇక ఉద్యోగాలు. ఎంటెక్ సీట్లకూ కొన్ని ప్రభుత్వ సంస్థల ఉద్యోగాలకూ చూసే గేట్ పరీక్షలో నానోకు విడిగా పేపరు లేదు. నేను మెటలర్జీ (లోహశాస్త్రం) పేపరు రాశాను. థర్మోడైనమిక్స్ గట్టెక్కింది కానీ, ఖనిజం నుంచి లోహం తీసే పద్ధతులన్నీ ఓనమాల నుంచి చదువుకున్నాను. నేను చూసిన ప్రభుత్వ నోటిఫికేషన్లలో అర్హత బ్రాంచిల జాబితాలో మా పేరు కనిపించలేదు. క్యాంపస్‌కు వచ్చినవి సాఫ్ట్‌వేర్ కంపెనీలు, మా తరగతిలో ఎక్కువమంది అటే వెళ్లారు. మా పెదనాన్న అయితే చివరిదాకా నేను నానో అనే ఆ చిన్న కారు గురించి చదువుతున్నాననే అనుకున్నారు.

పీహెచ్‌డీ దాకా వెళ్లే ఓపిక, ఇంట్లో అందుకు వెసులుబాటు ఉంటే మాత్రం నా మాట పక్కన పెట్టి నానోలోనే చేరండి. అప్పుడు మూడో ఏడాది వేసవిని వృథా చేయకండి. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ వంటి పరిశోధన సంస్థల్లో శిక్షణ కోసం జనవరి నుంచే శాస్త్రవేత్తలకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టండి. నేను ఏప్రిల్‌లో రాశాను, అప్పటికే ఖాళీలు నిండిపోయాయి.