బుజ్జీ, ఆ ఎనిమిదేళ్ళ లెక్చరర్ ఉద్యోగాన్ని రెజ్యూమేలోంచి తీసెయ్యకు

బుజ్జీ,

మొన్న రాత్రి ఫోన్లో నువ్వు గుసగుసగా మాట్లాడుతుంటే మీ అత్తగారు పక్క గదిలో పడుకున్నారని అర్థమైంది, అందుకే ఎక్కువ అడగలేదు. కానీ నువ్వన్న ఒక్క మాట అప్పట్నుంచీ బుర్రలో తిరుగుతానే ఉంది. "పెద్దమ్మా, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగాలకి పెట్టే రెజ్యూమేలో లెక్చరర్ ఉద్యోగం తీసేద్దామనుకుంటున్నా, వేరే ఫీల్డ్ అని తెలిస్తే అస్సలు పిలవరంట, కావాలంటే మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ వాళ్ళే పెట్టిస్తారంట" అన్నావు. ఎవరు చెప్పారే నీకు? కోచింగ్ వాళ్ళేగా? వద్దు తల్లీ, ఆ పని మాత్రం చెయ్యొద్దు, మిగతా అన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

నేను 2006లో నీలాగే ఇంటర్ కాలేజీలో లెక్కలు చెప్పడం మానేసి 33 ఏళ్ళకి హైదరాబాద్ వచ్చా, నీకు తెలుసు. ఎస్ఆర్ నగర్‌లో హాస్టల్, పొద్దున ఏడింటికి అమీర్‌పేటలో టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని) బ్యాచ్, మైత్రీవనం దగ్గర బస్సు దిగితే చాలు చేతిలో నాలుగు పాంప్లెట్లు పెట్టేవాళ్ళు. ఆ హాస్టల్లో నా రూమ్మేట్ ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టింది. ఉద్యోగం నాకంటే ముందే వచ్చింది, నాకంటే జీతం కూడా ఎక్కువే, నేను కుళ్ళుకున్నా కూడా. ఎనిమిది నెలలకి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికింది, మధ్యాహ్నం భోజనం బాక్స్ సగంలో ఉండగా పిలిచి ఐడీ కార్డు తీసుకున్నారంట. పాపం నిజంగా పనిచేసిన ఆ ఎనిమిది నెలలు కూడా ఎక్కడా చెప్పుకోలేకపోయింది. ఇప్పుడైతే ఇంకా కష్టం, పీఎఫ్ యూఏఎన్ నంబర్ (ఎన్ని కంపెనీలు మారినా మారని నంబర్) కొడితే ఎక్కడ ఏ నెల నుంచి ఏ నెల దాకా పనిచేశావో మొత్తం బయటికొస్తుంది. డబ్బులు కట్టండి బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తాం అనేవాళ్ళూ ఇదే బాపతు. గాజులు తాకట్టు పెడతానన్నావు చూడు, ఆ గాజులు అలాగే బీరువాలో ఉంచు.

అసలు నీ ఎనిమిదేళ్ళు ఎందుకు దాచాలో నాకు అర్థం కావట్లేదు. చూడు, నా ఇంటర్వ్యూలో అడిగారు, ఒక ఫారంలో వయసు 18 నుంచి 60 దాకానే తీసుకోవాలి, ఏమేం ఇచ్చి చెక్ చేస్తారు అని. నా ముందు వెళ్ళిన అబ్బాయి 25, 40 అని చెప్పాడంట. నేను 17, 18, 60, 61, తర్వాత ఖాళీగా వదిలేస్తా, తర్వాత అక్షరాలు కొడతా అన్నా. అది నేను పుస్తకంలో చదివింది కాదు, స్పాట్ వాల్యుయేషన్‌లో నేర్చుకున్నది. వందకి లెక్కేసుకుంటే, 35 పాస్ అనుకో, 80 వచ్చిన పేపర్ మీద ఎవరికైనా గొడవుంటుందా? 34 వచ్చిన పేపరే కదా మనం మళ్ళీ మొదట్నుంచీ కూడేది, ఎక్కడన్నా ఒక మార్కు వెయ్యడం మర్చిపోయామా, లోపల పేజీ తిప్పకుండా వదిలేశామా అని. తప్పు ఎప్పుడూ ఆ గీత దగ్గరే ఉంటుంది. టెస్టింగ్‌లో దీన్ని బౌండరీ వాల్యూ అంటారు, నీకు 34, 35, 36 అంటే చాలు.

ఎస్‌క్యూఎల్ (కంప్యూటర్ పట్టికల్లోంచి కావాల్సిన లెక్కలు అడిగి తీసే భాష) కూడా అంతే. అందులో నల్ అంటే ఏంటో బుర్రకెక్కట్లేదన్నావు. పరీక్షకి రానివాడి గడిలో నువ్వు సున్నా వేస్తావా, ఏబీ అని రాస్తావా? ఆ ఏబీయే నల్. ముగ్గురు పిల్లలు, ఒకడికి 60, ఒకడికి 40, ఒకడు రాలేదు. యావరేజ్ తియ్యమంటే ఎస్‌క్యూఎల్ ఆ రానివాణ్ణి లెక్కలోంచి వదిలేసి 50 అంటుంది, ఎవరన్నా తెలీక వాడికి సున్నా ఎక్కించారనుకో 33 చిల్లర అంటుంది. ఈ తేడా చూడగానే పట్టుకునే కన్ను నీకు ఎనిమిదేళ్ళుగా ఉంది, అది రెజ్యూమేలో రాయి. ఊరికే "లెక్చరర్" అని ఒక ముక్క రాసి వదిలెయ్యకు, ఎంతమంది పిల్లలకి చెప్పావు, మార్కుల ఎక్సెల్ షీట్లు నువ్వే చేసేదానివి కదా, టైం టేబుల్ నువ్వే వేసేదానివి కదా, అవన్నీ రాయి.

ఇంకోటి, ఇది ఎవ్వరూ చెప్పరు నీకు. నీ మొదటి బ్యాచ్ పిల్లలు ఈపాటికి బీటెక్ అయిపోయి ఉద్యోగాల్లో రెండు మూడేళ్ళు చేసి ఉంటారు. వాళ్ళనడుగు! రెఫరల్ (వాళ్ళ కంపెనీలో నీ పేరు సిఫారసు చెయ్యమని) అడగడానికి శిష్యుల దగ్గర చెయ్యి చాపినట్టుంటుందని మొహమాటపడతావని తెలుసు, నేనూ పడ్డా, ఆర్నెల్లు ఊరికే ఆన్‌లైన్‌లో అప్లై చేసుకుంటూ కూర్చున్నా ఒక్క ఫోను రాలేదు. చివరికి నన్ను ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్ళింది నా దగ్గర లెక్కలు చదువుకున్న పిల్లే, మేడం మీరు ముందే అడగొచ్చుగా అని కోప్పడింది కూడా. ముందు ఉద్యోగం అడక్కు, మీ ఆఫీసులో టెస్టింగ్ వాళ్ళు రోజూ ఏం చేస్తారు నాన్నా అని అడుగు, వాళ్ళే చెప్తారు.

నేర్చుకునే సంగతి. మా రోజుల్లో మాన్యువల్ టెస్టింగ్ (మనమే ఒక్కొక్కటి నొక్కి చూడ్డం) ఒక్కటి వచ్చినా బండి నడిచేది, ఇప్పుడు నడవదు, నీకు తియ్యగా చెప్పి మోసం చెయ్యను. ఏఐ వచ్చాక టెస్ట్ కేసులు అదే రాసిచ్చేస్తోంది, కొత్తవాళ్ళని తీసుకోవడం మా టీంలోనే తగ్గింది. కానీ అది రాసినదాంట్లో ఏం వదిలేసిందో చెప్పే మనిషి కావాలి, అందుకని ముందు ఎస్‌క్యూఎల్ గట్టిగా, తర్వాత పోస్ట్‌మ్యాన్ అనే టూల్‌తో ఏపీఐ టెస్టింగ్ (రెండు ప్రోగ్రాంలు ఒకదాంతో ఒకటి సరిగ్గా మాట్లాడుకుంటున్నాయా అని చూడ్డం), ఆ తర్వాత పైథాన్ భాష, దాంతోపాటు బ్రౌజర్‌ని దానంతటదే నడిపించి టెస్ట్ చేసే సెలీనియమో ప్లేరైటో ఏదో ఒక్కటి. అన్నీ ఒకేసారి మొదలెట్టకు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల సైటు ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఫ్రీగానే ఉంటాయి, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. అమీర్‌పేటలో చేరాలనిపిస్తే డెమో క్లాసులు రెండు మూడు కూర్చొని, సారు పిల్లలు డౌటడిగితే ఆగి చెప్తున్నాడా లేదా చూడు, టీచర్‌వి కాబట్టి పది నిమిషాల్లో నీకే తెలిసిపోతుంది. చేసినవన్నీ గిట్‌హబ్‌లో (మన కోడ్ నలుగురికీ కనపడేలా దాచుకునే సైటు) పెట్టు, మీ కాలేజీ మార్కుల షీట్ లాంటిదే ఒకటి సొంతంగా తయారుచేసి (పిల్లల అసలు పేర్లు వద్దు) దాన్నే టెస్ట్ చెయ్యి.

కాలేజీ ఇప్పుడే మానెయ్యకు. మార్చిలో పరీక్షలయ్యేదాకా ఎలాగూ వదలరు, ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా. రోజూ రెండు గంటలు చాలు, కానీ ఆ రెండు గంటలు ఎవరి దగ్గర్నుంచి తీసుకుంటావో ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాలి. నేను చెప్పలేదు, తెల్లారుజామున నాలుగింటికి లేచి దొంగతనంగా చదివినట్టు చదివి మూడు నెలలకి జ్వరంతో పడ్డా. అల్లుడితో చెప్పు, పొద్దున బాబుని తయారుచేసి యూకేజీకి దింపడం ఆయన పని, రాత్రి తొమ్మిది నుంచి పదకొండు నీది అని. మీ అత్తగారికి కూడా చెప్పేసెయ్, గుసగుసలు వద్దు, ఆవిడ నువ్వనుకున్నంత కాదని అనుమానం నాకు.

ఇంటర్వ్యూలో రెండో పిల్లాడు ఎప్పుడు అని అడిగేవాళ్ళుంటారు. నన్నూ అడిగారు, నేను పిచ్చిదాన్లా సంజాయిషీ చెప్పుకున్నా, ఇప్పటికీ బాధే నాకు. నువ్వు చెప్పుకోనక్కర్లేదు, ఈ ఉద్యోగానికి కావాల్సిన టైం ఇవ్వగలనండీ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకో. నువ్వు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. చేరాక కాన్పుకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసుంటే జీతంతో సెలవు ఉంటుంది, మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు. 50 మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి. పదిమంది, ఆపైన పనిచేసే ఆఫీసులో లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు తీసుకునే కమిటీ ఉండాలి, 2013 చట్టం అది. నైట్ షిఫ్ట్ ఉందా, క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా అని చేరకముందే అడుగు, సిగ్గేం లేదు. ఇన్నాళ్ళు మానకూడదని బాండ్ అంటూ ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే ఇవ్వకుండా లేచొచ్చెయ్.

మొదట్లో జీతం ఇప్పుడొచ్చేదానికంటే తక్కువైనా ఆశ్చర్యపోకు. నీకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడు టీం లీడ్‌గా ఉంటాడు, మేడం అనడు, పేరు పెట్టి పిలుస్తాడు. మొదటి వారం నాకు చురుక్కుమనేది, అక్కడ అందరూ అందర్నీ అలాగే పిలుస్తారని తెలిశాక పోయింది.

ఆదివారం పదకొండింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చొని ఫోన్ చెయ్యి, వీడియో కాల్. రెజ్యూమే తెరిచి పెట్టు, పైన నీ పేరు కింద మొదటి లైను ఆ కాలేజీదే ఉండాలి. ఈలోగా మీ కాలేజీ ఫీజు రసీదు ఒకటి తీసి, అందులో ఏ గడిలో ఏ తప్పు నంబర్ కొడితే లెక్క చెడుతుందో ఒక కాగితం మీద రాసుకో, ఇరవై దాకా రావాలి. బాబుకి ముద్దులు.

మీ పెద్దమ్మ