అల్లుడూ, టైరుకున్న జిగురు జోలికి పోకు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. సైకిలు చక్రాలు మంచివే దొరికాయి. కానీ ముందు వాడినాయన పాత జిగురు తియ్యకుండా ఏళ్ల తరబడి పొర మీద పొర పూసుకుంటూ పోయినట్టున్నాడు. "టైరూ రిమ్మూ రెండూ అద్దంలా చేసేస్తా" అని రాశావు. అక్కడే ఆగు.

ముందు టైరు సంగతి. ట్యూబులర్ టైరంటే రిమ్‌కు జిగురుతో అంటించే టైరు. అందులో ట్యూబును గుడ్డ కేసింగ్ లోపల పెట్టి కుట్టేస్తారు. ఆ కుట్టు మీద పలచని బేస్ టేప్ అంటిస్తారు. రిమ్‌కు అతుక్కునేది ఆ టేపే. అయితే ఆ టేపును కేసింగ్‌కు పట్టి ఉంచేదీ జిగురే. జిగురును కరిగించే ఎసిటోన్ లాంటివి పోశావనుకో, నువ్వు పూసిన జిగురేదో ఫ్యాక్టరీలో వేసిన జిగురేదో దానికి తేడా తెలియదు. నీ వయసులో నేనూ శుభ్రం పిచ్చితో ఒక టైరును పెట్రోలు గుడ్డతో రుద్దాను. తడి గోడ మీది పోస్టరులా టేపు మొత్తం ఊడి చేతికొచ్చింది. దాదాపు కొత్త టైరు!

కాబట్టి టైరుకు అలాంటి ఏ సాల్వెంటూ తగలనివ్వకు. వదులుగా వేలాడే ముక్కలను, ఉబ్బెత్తు గడ్డలను బొటనవేలితో దొర్లిస్తూ తీస్తే చాలు. సమంగా పరుచుకున్న పలచని పొర ఉండనీ. కొత్త జిగురు దాన్ని మెత్తబరిచి దానితో కలిసిపోతుంది. అంచు దగ్గర టేపు లేచి ఉంటే లేటెక్స్ జిగురుతో మళ్లీ అంటించుకోవచ్చు. కుట్టు దారాలే తెగి ఉంటే మాత్రం ఆ టైరు మీద ఆశ వదులుకో.

రిమ్ వేరు. అక్కడా తీసి తీరాలని నియమమేమీ లేదు. పొర సమంగా, రబ్బరులా సాగుతూ ఉంటే, అది ఏ రకం జిగురో తెలిసి ఉంటే, దాని మీదే కొత్తది పూసుకోవచ్చు. గోరుతో గీకగానే పెళుసుగా రాలుతున్నా, మిట్టపల్లాలుగా ఉన్నా, ఎవరు ఏం పూశారో తెలియకపోయినా తీసెయ్యాలి. నీ చక్రాలకు ఈ మూడూ ఉన్నాయి.

మొదట పొడిగానే పని మొదలుపెట్టు. టైరు ఊడదీసే ప్లాస్టిక్ టైర్ లీవర్ అంచుతో నెట్టుకుంటూ పోతే సగం జిగురు ఉండలు చుట్టుకుని వచ్చేస్తుంది. స్క్రూడ్రైవర్ ముట్టుకోకు. డ్రిల్లుకు తీగల బ్రష్ బిగించే ఆలోచన కూడా వద్దు. ఆ వేడికి జిగురు కరిగి మరింత పాముకుంటుంది, రిమ్‌కు గీతలూ పడతాయి.

మొండిగా మిగిలినదానికి ఎసిటోన్. సీసా ఎత్తి రిమ్ మీద పొయ్యొద్దు. స్పోక్ రంధ్రాల గుండా లోపలికి దిగుతుంది, అటునుంచి చక్రం నడిమి హబ్ మీద కారితే బేరింగుల గ్రీజు కూడా పోతుంది. గుడ్డ పీలికను తడిపి, పిండి, ఒక జానెడు మేర పరిచి, ఆరిపోకుండా పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పు. పది, పదిహేను నిమిషాలు దాని వైపు చూడకు. ఈ పనిలో అందరికీ రానిది ఈ ఓపికే. జిగురు మెత్తబడ్డాక లీవర్‌తో తీసి, వెంటనే శుభ్రమైన గుడ్డతో తుడువు. గుడ్డ మడత మారుస్తూ ఉండు, లేకపోతే తీసిన జిగురునే మళ్లీ పూస్తావు. తరవాత ఇంకో జానెడు. చక్రానికి ఒక సాయంత్రం పోతుంది, పోనీ. బ్రేక్ ప్యాడ్లు ఒరుసుకునే అంచుకు ముందే టేపు వేసుకో. స్టిక్కర్లకూ రంగుకూ ఎసిటోన్ తగిలిందా, అవీ పోతాయి.

ఇదంతా అల్యూమినియం రిమ్ మాట. ఫొటోల్లో నీవి అలాగే కనిపిస్తున్నాయి. ఎప్పుడైనా కార్బన్‌వి కొంటే, తయారీదారు దేనితో తుడవమన్నాడో అదే వాడు. పెయింట్ రిమూవర్ దాని దగ్గరకే రానివ్వకు, అది కార్బన్ పోగులను పట్టి ఉంచే రెసిన్‌ను తినేస్తుంది. హీట్ గన్ కూడా అంతే.

ఎసిటోన్ 56 డిగ్రీలకే మరిగిపోతుంది. ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంట పాకుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఆరుబయట చెయ్యి. సన్నటి నైట్రైల్ గ్లవ్స్‌ను నమ్ముకోకు, ఎసిటోన్ వాటిలోంచి త్వరగానే దిగిపోతుంది. బ్యూటైల్ రబ్బరువి కొనుక్కో. తడి గుడ్డలను ఉండచుట్టి చెత్తబుట్టలో పడెయ్యకుండా బయట పరిచి ఆరనివ్వు.

ఇంత చాదస్తం ఎందుకంటావా? 2003 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసులో గాప్ పట్టణం వైపు దిగుతూ స్పెయిన్ రేసర్ జోసెబా బెలోకి పడిపోయాడు. ఎండకు కరిగిన తారు మీద బ్రేకు పట్టేసింది, టైరు రిమ్ వదిలేసింది. తొడ ఎముక విరిగింది. అంత పెద్ద జట్ల మెకానిక్‌లు అంటించిన టైరుకే అలా జరిగిందంటే, పెళుసు జిగురు మీద అంటించినదాని సంగతి నువ్వే ఆలోచించు.

చివరగా తెల్లగుడ్డకు కాస్త ఎసిటోన్ అద్ది రిమ్ చుట్టూ ఒకసారి తిప్పు. పసుపు మరక రాకపోతే అయినట్టే. టైరును జిగురు లేకుండా రిమ్‌కు ఎక్కించి, గాలి కొట్టి, రెండు రోజులు సాగనివ్వు. ఆ తరవాత నాకు ఫోన్ చెయ్యి. కొత్త జిగురు పూసేటప్పుడు పక్కన ఇంకొకరుంటే నయం.

— మామయ్య