ఆ రోడ్డు ఎవరి కోసం వేశారో చూడండి

ప్రశ్న: కొండల నడుమ ఉన్న ఒక చారిత్రక పట్టణంలో మకాం పెట్టి, చుట్టుపక్కల పల్లెలన్నీ సైకిల్ మీద తిరగాలని ఉంది. రోజుకు ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోవాలి? దారులు ఎలా ఎంచుకోవాలి?

కిలోమీటర్ల సంగతి పక్కన పెట్టండి. కొండల్లో వంద కిలోమీటర్లు తొక్కానని చెప్పుకొనేవారి మాటలు నేను చెవిన పెట్టను. ఎన్ని మీటర్లు ఎక్కారో చెబితే అప్పుడు కుర్చీ జరుపుకొని వింటాను. లెక్క చాలా చిన్నది. మనిషి, సైకిలు, సామాను కలిపి 90 కిలోలు అనుకోండి. మామూలు మనిషి కాళ్లు రోజంతా అలసిపోకుండా 100 వాట్ల శక్తి ఇస్తాయనుకోండి. అలాంటివాడు గంటకు 400 మీటర్ల ఎత్తు ఎక్కుతాడు. ఖరీదైన సైకిల్ కొన్నా ఈ లెక్క పెద్దగా మారదు, ఎందుకంటే ఆ 90లో సింహభాగం మనమే. మొదటి రోజుల్లో రోజుకు 800 మీటర్ల ఎక్కుడు చాలు. అది 30 కిలోమీటర్లలోనే రావచ్చు, 70 కిలోమీటర్లు తిరిగితే గానీ రాకపోవచ్చు.

ఇక దారి ఎంపిక. కొండ రోడ్డు ఏదైనా సరే, దాన్ని మొదట ఎవరి కోసం వేశారో కనుక్కోండి. ఈ మాట చెబితే చాలామంది నవ్వుతారు. నవ్వినవాళ్లే తర్వాత సైకిల్ నెట్టుకుంటూ కనిపిస్తారు.

మనుషులు, కంచరగాడిదలు నడవడానికి వేసిన బాట తిన్నగా కొండ నెత్తికి పోతుంది. దానికి దూరం తగ్గితే చాలు, వాలు ఎంతైనా లెక్కలేదు. గుర్రపు బండ్ల కోసం వేసిన రోడ్డు అలా కాదు. గుర్రం మధ్యలో ఆగిపోకుండా లాగాలి, దిగేటప్పుడు బండి దాని మీదకు దూసుకురాకూడదు. అందుకే అది వంకలు తిరుగుతూ ఓపిగ్గా ఎక్కుతుంది. ఇటలీలోని స్టెల్వియో కనుమ రోడ్డు చూడండి. ఆస్ట్రియా సామ్రాజ్యం కోసం కార్లో డొనెగాని అనే ఇంజనీరు 1820 నుంచి 1825 వరకు శ్రమించి వేసిన రోడ్డు అది. ఒక్క ప్రాటో అనే ఊరి వైపే 48 హెయిర్‌పిన్ మలుపులు. సుమారు 24 కిలోమీటర్లలో 1,800 మీటర్లు ఎక్కుతుంది. ఫొటోల్లో చూస్తే గుండె జారుతుంది గానీ సగటు వాలు 7, 8 శాతం మధ్యే, అంటే వంద మీటర్ల దూరానికి 7, 8 మీటర్ల ఎత్తు. తగిన గేరు ఉంటే సామాన్యులు కూడా ఎక్కుతారు.

అన్నిటికంటే మంచిది పాత రైలు మార్గం. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ కాబట్టి రైలుకు వాలు పడదు. మన నీలగిరి కొండ రైలు కల్లార్ నుంచి కూనూరు వరకు 12 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కడానికి పట్టాల మధ్య పళ్ల కమ్మీ పెట్టాల్సివచ్చింది. ఆ వాలు 8 శాతం పైచిలుకు. ఈసారి ఎవరైనా '8 శాతమే కదా' అంటే ఆ పళ్ల కమ్మీని గుర్తు చేయండి. పళ్లు లేని మామూలు రైలు మార్గాలు సాధారణంగా అందులో మూడో వంతు వాలు కూడా దాటవు. పట్టాలు పీకేశాక ఆ దారి సైకిలువాడికి వరం. ఇటలీలోని ట్రియెస్టె నుంచి క్రొయేషియా తీరాన ఉన్న పోరెచ్ దాకా 1902 నుంచి 1935 వరకు నడిచిన పారెంజానా చిన్న రైలు మార్గం, 123 కిలోమీటర్ల పొడవైనది, ఇప్పుడు సైకిల్ బాట అయింది. సొరంగాలు, వంతెనలు దాటుకుంటూ క్రొయేషియాలోని మోటోవున్ అనే కొండ పట్టణం పక్కనుంచే పోతుంది. అయితే రైలు ఆ పట్టణపు గోడల దాకా ఎక్కలేదు. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఇంజన్ల కాలంలో వేసిన రోడ్ల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. లారీకి వాలు లెక్కలేదు, మనకు నీడ ఉండదు.

ఒకసారి మిత్రుడితో కలిసి ఒక కోట పట్టణానికి వెళ్లాను. కొండ కింద వంతెన దాటగానే దారి రెండుగా చీలింది. ఎడమవైపు కొండను చుట్టుకుంటూ పోయే పాత బండి బాట, 5 కిలోమీటర్లు. కుడివైపు ఫోను చూపించిన రాళ్ల దారి, కిలోమీటరున్నర. రెండూ చేరేది ఒకే గుమ్మానికి, 250 మీటర్ల పైకి. "నువ్వు తీరిగ్గా చుట్టుదారిలో రా, నేను పైన నీడలో కూర్చుంటాను" అని అతను కుడివైపు తిరిగాడు. వద్దన్నాను, వినలేదు. బండి బాట మొదటి మలుపు నుంచి ఆ రాళ్ల దారి కింద స్పష్టంగా కనిపిస్తుంది. నిలబడి చూశాను. సామానంతా వెనక క్యారియర్ మీదే ఉండడంతో పెడల్ తొక్కినప్పుడల్లా ముందు చక్రం నేల వదిలి లేస్తోంది. హ్యాండిల్ కుడికీ ఎడమకీ కొట్టుకుంటోంది. కొన్ని వందల ఏళ్లుగా కాళ్ల కింద అరిగిన రాయి అద్దంలా ఉంది. దాని మీద వెనక టైరు ఒక్క క్షణం గిర్రున ఉత్తినే తిరిగింది. పెడల్ సగంలో ఆగింది. సైకిలూ మనిషీ కాసేపు కదలకుండా నిలిచి, తర్వాత మెల్లగా, చాలా మర్యాదగా ఎడమవైపు ఒరిగి పడ్డారు. హ్యాండిల్ రాయికి తగలగానే గంట మోగింది. ఆ చప్పుడు నాకు పై మలుపు దాకా వినిపించింది.

నేను ఎక్కడా దిగకుండా గుమ్మం చేరి, చెమట ఆరాక కూడా అతని జాడ లేదు. చివరికి సైకిల్ నెట్టుకుంటూ వచ్చాడు. అడుగున లోహపు పట్టీ ఉన్న బూట్లు రాళ్ల మీద జారడంతో తలప్రాణం తోకకు వచ్చిందట. వచ్చీరాగానే నీళ్లు కూడా తాగకుండా ఫోను తీసి చూపించాడు: "ఇందులో 7 శాతమనే ఉంది కదా!"

నిజంగానే ఉంది. వంతెనకు ముందు ఏటి ఒడ్డున చదునుగా సాగిన 2 కిలోమీటర్లను కూడా ఆ ఎక్కుడులో కలిపి సగటు తీసింది ఫోను. మూడున్నర కిలోమీటర్లకు 250 మీటర్లంటే 7 శాతమే మరి. అసలు రాళ్ల దారి వాలు దాదాపు 17. ఇంకొక తిరకాసు కూడా ఉంది. చాలా ఫోను పటాల్లో ఎత్తులకు ఆధారం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో చేసిన కొలతలే. నేలను 30 మీటర్లకో 90 మీటర్లకో ఒక గడిగా కోసి, గడికి ఒక్క ఎత్తు రాస్తారు. గడి లోపల ఉన్న గట్టూ గొయ్యీ మాయం. దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. ఫోనులో దగ్గరి కొండలు కూడా నునుపే. కాగితం పటం కొనుక్కోండి. 1:50,000 పటంలో 2 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసిన ఎత్తు గీతల మధ్య తేడా 20 మీటర్లయితే, ఆ 2 సెంటీమీటర్లలో దారి 5 గీతలు దాటితే 10 శాతం. గీతల వెంబడే పోయే దారి మీది, గీతలను అడ్డంగా కోసే దారి మీది కాదు.

గేర్ల గురించి అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. దుకాణాల్లో అంటగట్టేవి పందెం సైకిళ్ల గేర్లు. ముందు పెడళ్ల దగ్గరి పళ్ల చక్రానికి 34 పళ్లు, వెనక చక్రం దగ్గరి దానికి 34 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకు సైకిల్ సుమారు 2.1 మీటర్లు కదులుతుంది. 10 శాతం వాలులో మన 100 వాట్లకు వచ్చే వేగం గంటకు 4 కిలోమీటర్లే, అంటే నిమిషానికి 32 చుట్లు. అలా తొక్కితే మోకాళ్లు మూలుగుతాయి. ముందు 22 పళ్లుంటే అదే వేగానికి హాయిగా 50 చుట్లు పడతాయి. చిన్న గేరు వాడితే పరువు పోతుందనుకునేవాళ్లు నేటికీ ఉన్నారు. ఇది పాత రోగమే. ఫ్రాన్స్‌లో పాల్ ద వీవీ, వెలోసియో అన్న కలం పేరుతో ఏళ్ల తరబడి గేర్లు మార్చుకునే సైకిళ్ల కోసం వాదించి 1930లో కన్నుమూశాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెంలో డెరైల్యూర్ గేర్లకు, అంటే గొలుసును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదాని మీదకు జరిపే గేర్లకు, అనుమతి దొరికింది 1937లో. యాత్రికులకు ఎప్పుడో తెలిసిన సంగతి పందెగాళ్ల తలకెక్కడానికి అంత కాలం పట్టింది.

మకాం విషయంలో మీరు తప్పు చేయబోతున్నారని నా గట్టి అనుమానం. పాత పట్టణాలను శత్రువులకు అందకుండా కొండ నెత్తిన కట్టారు. శత్రువుకు ఎంత కష్టమో సాయంత్రం తిరిగొచ్చే సైకిలువాడికీ అంతే కష్టం. కోట గోడల మధ్య గది తీసుకుంటే ప్రతిరోజూ దిగుడుతో మొదలై, కాళ్లలో సత్తువ అయిపోయాక ఎక్కుడుతో ముగుస్తుంది. కొండ కింద, ఏటి పక్కన గది చూసుకోండి. పట్టణం చూడటానికి ఒక పొద్దున సామాను లేకుండా ఎక్కండి. మిగతా రోజుల్లో ఉదయం ఏటికి ఎదురు వెళ్లి మధ్యాహ్నం వాలున దిగండి. ఒక లోయ నుంచి పక్క లోయకు దాటే దారులు ఆఖర్లో పెట్టుకోండి.

దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా పట్టుకోవద్దు. 90 కిలోలు 400 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి లీటరు నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. నెమ్మదిగా దిగేకొద్దీ అందులో ఎక్కువ భాగం బ్రేకుల్లోకే పోతుంది. రిమ్మును పట్టే బ్రేకులైతే ఆ వేడికి ట్యూబు పేలవచ్చు. మలుపుకు ముందు గట్టిగా పట్టండి, తర్వాత పూర్తిగా వదలండి.

వెళ్లబోయే పట్టణం ఏదో మీరు రాయలేదు. దానికంటే ముందు మీ సైకిల్ పెడళ్ల దగ్గరి అతి చిన్న పళ్ల చక్రంలో, వెనక ఫ్రీవీల్‌లోని అతి పెద్ద పళ్ల చక్రంలో ఎన్నెన్ని పళ్లున్నాయో లెక్కపెట్టి కింద రాయండి. ఆ రెండు అంకెలు తెలిస్తే ఏ దారులు మీకు పనికిరావో ముందే కొట్టేయవచ్చు.