పట్టుబడి డబ్బుతో యాలా సఫారీకి వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. రెండెకరాల్లో వనామీ రొయ్యల సాగు చేస్తున్నాను. ఈ పంటలో 5 టన్నులు పట్టాం, 15 లక్షలు చేతికొచ్చాయి. మేత డీలరుకు 7 లక్షలు కట్టేశాను. వచ్చే పంటకు పిల్ల, సున్నం, కరెంటు, కూలీలకని 4 లక్షలు పక్కన పెట్టాను. ఇంకా 4 లక్షలు మిగిలాయి. వచ్చే ఏడాదికి మా పెళ్లయి 25 ఏళ్లు. మా ఆవిడ ఇన్నేళ్లలో చెరువు గట్టు వదిలి ఎక్కడికీ వెళ్లింది లేదు. శ్రీలంకలో యాలా అడవిని ఆనుకుని, సముద్రం ఒడ్డునే ఉన్న ఒక సఫారీ లాడ్జిని మా అమ్మాయి చూపించింది. గుడారం లాంటి గదులు, సోలార్ కరెంటు, ప్లాస్టిక్ వాడరట. నలుగురికి నాలుగు రాత్రులు, విమానంతో కలిపి 4.2 లక్షలని ఏజెంటు కొటేషన్ ఇచ్చాడు. మేత ఎటూ అరువు దొరుకుతుంది (నగదుకైతే కిలో 94, అరువైతే 100). మైపాడు పక్కనే పెట్టుకుని సముద్రం కోసం అంత దూరం ఎందుకని మా అన్న అంటున్నాడు. మీరేమంటారు?

జవాబు: వెళ్లండి. అయితే ఈ నాలుగు లక్షలతో వద్దు, ఈ కొటేషన్‌తో అసలే వద్దు. వేసవి పంట పట్టాక, జూలైలో వెళ్లండి.

ముందు మీ అన్నయ్యగారి మాట. యాలాలో మీరు కొనేది ఒక్క సముద్రాన్నే కాదు. చిరుతలు అంత దగ్గరదగ్గరగా తిరిగే అడవులు ప్రపంచంలోనే అరుదు. తెల్లవారుజామున జీపులో వాటి కోసం వెతకడం, ఏనుగుల మందలు చూడటం, గుడారం ముందే అలల హోరు వినడం అన్నీ ఒకచోట దొరుకుతాయి. పాతికేళ్లు గట్టు మీదే గడిపిన మీ ఇంటావిడ కోసం చేసే ఈ ఖర్చును నేను దండగ అనను. నా అభ్యంతరమంతా డబ్బు ఎక్కడి నుంచి తీస్తున్నారన్న దాని మీదే.

మీరు మిగులు అంటున్న 4 లక్షలు నిజానికి వచ్చే పంట మేత డబ్బు. దాన్ని యాత్రకు వాడి మేత అరువు తెచ్చుకుంటే, యాత్రకు డీలరు దగ్గర అప్పు చేసినట్టే. ఆ అప్పుకు వడ్డీ ఎంతో లెక్క కట్టండి. 94 రూపాయల సరుకుకు 6 రూపాయలు అదనం, అంటే 6.4 శాతం. వినడానికి చిన్నదే. కానీ పిల్ల వదిలిన కొత్తలో మేత కిలోల్లో పోతుంది, చివరి నెలన్నరలో బస్తాలకు బస్తాలు దిగుతుంది. కాబట్టి మీరు తెచ్చే అరువు సగటున రెండు నెలలకు మించదు. రెండు నెలలకు 6.4 శాతమంటే ఏడాదికి 38 శాతం పైమాటే. ఏ బ్యాంకు పర్సనల్ లోన్‌కూ అంత ఉండదు. ఆ 4 లక్షలతో నగదుకు మేత కొంటే నాలుగు టన్నుల పైచిలుకు వస్తుంది, 25 వేలు మిగులుతాయి. మేత ధరలోనే కలిసిపోతుంది కాబట్టి ఈ వడ్డీ మన కంటికి కనిపించదు. ఆక్వా రైతుల లెక్కలు చూసినప్పుడల్లా నాకు బాధ కలిగించేది ఇదే.

ఇంకో సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. తెల్లమచ్చ రోగం తగిలితే 100 కౌంట్ (కిలోకు వంద రొయ్యలు) కూడా రాకముందే చెరువు ఎత్తేయాలి. 2025 ఆగస్టులో అమెరికా మన ఎగుమతుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చెరువుల దగ్గర ఎంత దిగులు కమ్ముకుందో చూశారు. అలాంటి పంటలో డీలరుకు 7 లక్షల బాకీ ఉండి, చేతిలో రూపాయి లేకపోతే ఇంట్లో బంగారం బ్యాంకుకు వెళుతుంది.

అందుకని ఆ 4 లక్షలను ఇలా విడగొట్టండి. 2 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, పంట పోతే తప్ప ముట్టుకోకండి. అరువు మీద 38 శాతం పోతుంటే డిపాజిట్ ఎందుకని మీరు అడగవచ్చు. పంట పోయిన మరుసటి రోజు ఏ డీలరూ అరువివ్వడు, ఆ రోజు కోసం. ఒక లక్ష నగదు మేతకు వాడండి. మిగిలిన లక్ష మీ ఆవిడ పేరు మీద ఆరు నెలల డిపాజిట్ చేయండి. అది యాత్ర డబ్బు. జూన్‌లో పట్టుబడి అయ్యాక డీలరు బాకీ, తర్వాతి పంట ఖర్చు తీసేసి చూడండి. ఇంకో 2.5 లక్షలు మిగిలితే టికెట్లు తీసుకోండి. మిగలకపోతే ఆ తర్వాతి పంట పట్టాక ఫిబ్రవరికి జరపండి. అప్పుడూ యాలా బాగానే ఉంటుంది.

ఇక కొటేషన్. మీరు పంపిన కాగితం చూశాను. గుడారానికి రాత్రికి 32 వేలు, రెండు గుడారాలు, నాలుగు రాత్రులు కలిపి 2.56 లక్షలు. విమానం 80 వేలు, కారు, డ్రైవరు 50 వేలు, ఇతరాలు 34 వేలు. గది ధర పక్కన చిన్న అక్షరాల్లో 'పన్నులు అదనం' అని ఉంది చూశారా? శ్రీలంకలో హోటళ్లు మామూలుగా 10 శాతం సర్వీస్ ఛార్జీ వేస్తాయి, ఆ మొత్తం మీద 18 శాతం వ్యాట్ పడుతుంది. రెండూ కలిస్తే దాదాపు 30 శాతం. మీ 2.56 లక్షలకు ఇంకో 76 వేలు చేరతాయి. మొత్తం 4.2 లక్షలన్నది 5 లక్షల దాకా పోతుంది. పార్కు ప్రవేశ రుసుము, జీపు అద్దె గది ధరలో ఉన్నాయో లేదో ఆ కాగితంలో ఎక్కడా లేదు. భోజనాల మాటా అంతే. అడవి మధ్య బయట హోటల్ ఉండదు, లాడ్జి పెట్టిందే తినాలి, అది చెప్పిందే ధర. మూడు పూటల భోజనం, రోజుకు ఒక సఫారీ అయినా కలిసి ఉంటేనే 32 వేలకు అర్థం ఉంది.

నేనైతే లాడ్జిలో రెండు రాత్రులే ఉండమంటాను. మూడో పూట నుంచీ అదే జీపు, అదే దారి. మిగతా రెండు రాత్రులు తిస్సమహారామలో మామూలు గెస్ట్‌హౌస్‌లో దిగండి. అక్కడి నుంచి కతరగామ సుబ్రహ్మణ్యస్వామి గుడి దగ్గరే. ఇలా చేస్తే లాడ్జికి పన్నులతో 1.66 లక్షలు, గెస్ట్‌హౌస్‌కు 16 వేల దాకా, విమానం, కారు, ఇతరాలు మామూలే. మొత్తం 3.5 లక్షల్లో అయిపోతుంది. నలుగురికీ కలిపి ఒకే కుటుంబ గుడారం ఉందేమో కూడా అడగండి. ఇంకా తగ్గుతుంది.

జూలై అనడానికి కారణముంది. మనకు వాన తెచ్చే ఈశాన్య రుతుపవనాలే యాలాకూ వాన తెస్తాయి. ఫిబ్రవరి నుంచి జూలై దాకా అక్కడ ఎండ. గుంటలు ఇంకిపోయి జంతువులు ఉన్న కాస్త నీటి దగ్గరికే వస్తాయి, అందుకే ఎక్కువగా కనబడతాయి. సాధారణంగా సెప్టెంబర్ నుంచి అక్టోబర్ మధ్య దాకా పార్కులో ప్రధాన భాగాన్ని మూసేస్తారు. ఆ రోజుల్లో ఏజెంటు తక్కువ ధరకు ఇస్తానన్నా తీసుకోకండి.

పర్యావరణహితం అన్న మాటకు మీరు ఎక్కువ చెల్లిస్తున్నారు కాబట్టి అది నిజమో కాదో తేల్చుకోవడం మీ హక్కు. సోలార్ పలకలు ఫొటోలో అందరూ చూపిస్తారు. వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయో అడగండి. చెరువు నీళ్లు శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలితే పక్క రైతు చెరువు ఏమవుతుందో తెలిసిన మీకు ఆ జవాబులో నిజమెంతో ఇట్టే అర్థమవుతుంది. రాత్రి దీపాలు ఒడ్డు వైపు వెలుగుతాయా అనీ అడగండి. గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లు ఆ వెలుగుకు బెదిరి వెనక్కి పోతాయి, పిల్లలు దారి తప్పుతాయి. మన తీరంలోనూ అదే జరుగుతుంది. ఊళ్లోవాళ్లకు ఉద్యోగాలిచ్చారా అన్నది మూడో ప్రశ్న. ఈ మూడింటికీ సూటిగా జవాబివ్వని లాడ్జికి మామూలు హోటల్ ధరే ఎక్కువ.

ఏజెంటు దగ్గర విదేశీ ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ (అమ్మేవాడే ముందుగా వసూలు చేసే ఆదాయ పన్ను) అని కొంత వసూలు చేస్తాడు. అది మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేస్తేనే సర్దుబాటవుతుంది. రొయ్యల ఆదాయాన్ని పన్ను అధికారులు సాధారణంగా వ్యాపార ఆదాయంగానే చూస్తారు, వ్యవసాయమని వదిలేయరు. మీరు ఇంతవరకు రిటర్న్ వేయకపోతే యాత్రకు ముందే ఒక ఆడిటర్‌ను కలవండి. పాస్‌పోర్టుకు మనిషికి 1,500 రూపాయలు, ఇప్పుడే దరఖాస్తు చేయండి. కార్డుతో కడితే విదేశీ మారకం ఛార్జీ సాధారణంగా 3.5 శాతం దాకా పడుతుంది, దాని మీద జీఎస్టీ. ప్రయాణ బీమా నలుగురికీ తప్పకుండా తీసుకోండి. మీ లేఖలో ఆరోగ్య బీమా ఊసే లేదు. లేకపోతే జూన్ డబ్బులో మొదటి ఖర్చు అదే, యాత్ర దాని తర్వాతే.

ఇప్పుడు ఏజెంటు అడ్వాన్స్ అడుగుతాడు. జూన్ 20 దాకా రద్దు చేసుకుంటే పూర్తి డబ్బు వెనక్కి ఇస్తానని రాసిస్తేనే ఇవ్వండి. రాసివ్వకపోతే అమ్మాయి చేత నేరుగా లాడ్జికే ఈమెయిల్ పెట్టించండి.