పిల్లికి షుగరు: ఇంట్లో ఇన్సులిన్ ఇచ్చేవారి సందేహాలు

షుగరు వచ్చిన పిల్లులకు రోజూ రెండు పూటలా ఇన్సులిన్ వేస్తున్న ఇళ్ల నుంచి వచ్చిన ప్రశ్నలివి. ఎన్ని యూనిట్లన్నది మీ వెటర్నరీ డాక్టరు చెప్పాల్సిన మాట. చెప్పిన డోసు తేడా రాకుండా ఎలా ఇవ్వాలన్నది ఇక్కడ చూద్దాం.

మా పిల్లి నాలుగున్నర కిలోలు. లాంటస్ ఒక యూనిట్ చొప్పున పన్నెండు గంటలకోసారి వేయమన్నారు. మెడికల్ షాపువాళ్లు ఎర్ర మూత సిరంజిలు ఇచ్చారు. ఒక గీత వరకు లాగితే చాలా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

ఆ సిరంజి వాడకండి. మన దగ్గర మనుషులకిచ్చే ఇన్సులిన్ బుడ్లు చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. ఎర్ర మూత సిరంజి వాటి కొలతకు తయారైంది. లాంటస్, బసాలాగ్ పేర్లతో వచ్చే గ్లార్జిన్ అనే రకం ఇన్సులిన్ బుడ్లలో మిల్లీలీటరుకు 100 యూనిట్లుంటాయి. ఎర్ర మూత సిరంజిలో ఒక యూనిట్ గీత దాకా లాగారంటే మీ పిల్లి ఒంట్లోకి వెళ్లేది రెండున్నర యూనిట్లు. ఇంత చిన్న ప్రాణికి అది ప్రమాదం.

నారింజ మూతది అడగండి. మూత రంగుతో సరిపెట్టుకోక సిరంజి మీద ‘యూ-100’ అని ఉందో లేదో చదవండి. అందులోనూ ఒక మిల్లీలీటరు సిరంజి పనికిరాదు, దాని మీద గీతలు సాధారణంగా రెండేసి యూనిట్లకొకటి ఉంటాయి. 0.3 మిల్లీలీటర్ల సిరంజి, అర యూనిట్ గీతలున్నది కావాలి. చిన్న షాపుల్లో దొరక్కపోతే ఆర్డరు పెట్టి తెప్పించుకోండి. తర్వాత డాక్టరు డోసు మార్చినా అర యూనిట్ చొప్పునే మారుస్తారు కాబట్టి ఆ గీతలు అవసరమవుతాయి.

ఒక యూనిట్ అంటే మిల్లీలీటరులో నూరో వంతు. సిరంజిలో ఆవగింజంత గాలి బుడగ ఉన్నా డోసు తగ్గిపోతుంది. బుడ్డిని తలకిందులుగా పట్టుకుని మందు లాగి, వేలితో సిరంజిని తట్టి, బుడగను బుడ్డిలోకి నెట్టేసి మళ్లీ లాగండి. గీతను కంటి ఎత్తులో పెట్టి చూడండి. బుడ్డిని ఊపకూడదు. గ్లార్జిన్‌లో నీళ్లుగానీ వేరే ఇన్సులిన్‌గానీ కలపకూడదు. అది ఆమ్లగుణమున్న ద్రవం, చర్మం కిందికి వెళ్లాక గడ్డకట్టినట్టయి నెమ్మదిగా కరుగుతుంది. కలిపితే ఆ గుణం దెబ్బతింటుంది.

ఇంట్లో పెద్దవాళ్లు వాడే ఇన్సులిన్ ఉంది కదా అని అదే వేసేవారున్నారు. వేగంగా పనిచేసేదీ నెమ్మదిగా పనిచేసేదీ కలిపిన 30/70 మిశ్రమాలు పిల్లికి వేయకండి. టౌజియో కూడా గ్లార్జినే అయినా మిల్లీలీటరుకు 300 యూనిట్లు. దాని పెన్నులోంచి సిరంజితో లాగితే మూడు రెట్లు పడుతుంది.

సూది వేశాక బొచ్చు తడిగా తగిలింది. మందు లోపలికి పోయిందో లేదో తెలియలేదు. ఇంకోసారి వేయొచ్చా?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

వేయకూడదు. సగం పోయిందో, అసలు పోలేదో, మొత్తం పోయిందో మీకు తెలియదు. ఒక పూట షుగరు ఎక్కువగా ఉన్నంత మాత్రాన పిల్లికి ముంచుకొచ్చే ముప్పు సాధారణంగా ఉండదు, రెండు డోసులు పడితే మాత్రం గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. తర్వాతి పూట మామూలు డోసే వేయండి.

బొచ్చు తడిసిందంటే సూది చర్మం మడతలో ఒక వైపు దూరి రెండో వైపు బయటికొచ్చిందన్నమాట. చర్మాన్ని గుడారంలా పైకి లాగి, ఆ గుడారం అడుగున, ఒంటికి దాదాపు సమాంతరంగా గుచ్చండి. మెడ వెనక భాగంలో రక్తప్రసరణ తక్కువ, రోజూ అక్కడే వేస్తే చర్మం గట్టిపడి మందు సరిగా ఎక్కదు. పక్కటెముకల మీద, డొక్కల దగ్గర, ఉదయం కుడివైపు సాయంత్రం ఎడమవైపు మార్చుకుంటూ వేయండి.

ఇద్దరు ముగ్గురు చూసుకునే ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు కాగితం అతికించి, సూది వేసినవారు వెంటనే టిక్కు పెట్టాలి. ‘నువ్వు వేశావనుకున్నా’ అని ఇద్దరూ మానేయడం కంటే, ఇద్దరూ వేసేయడమే ఎక్కువ ప్రమాదం.

ఒక్కోసారి తిండి ముట్టదు. అప్పుడు సూది మానేయాలా? మేమే ఆలస్యంగా వస్తే?
– ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

ముందు గిన్నె పెట్టి, తింటోందని చూశాకే సూది. అసలు తినకపోయినా, తిని కక్కేసినా పూర్తి డోసు వేయకండి. డాక్టరుకు ఫోన్ చేయండి. సగం వేయాలో మానేయాలో ఆ పూట రీడింగును బట్టి చెబుతారు. వరుసగా రెండు పూటలు తినకుండా, వాంతులతో నీరసంగా ఉంటే ఫోన్లతో కాలం గడపకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి, అది కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) పెరిగిన స్థితి కావచ్చు.

గంట అటూ ఇటూ అయితే ఫరవాలేదు. మూడు నాలుగు గంటలు దాటితే ఆ పూట వదిలేసి మళ్లీ మామూలు టైముకు వేయడం మేలు. పోయిన డోసును తర్వాతి దాంతో కలపొద్దు.

షుగరు పడిపోయిందని ఎలా గుర్తుపట్టాలి?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

తూలుతూ నడవడం, ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి, కంటిపాపలు పెద్దవై బిత్తరచూపులు, వణుకు, చివరికి ఫిట్స్. గ్లార్జిన్ అయితే సూది వేసిన నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. మీటరులో 60 లోపు వచ్చినా ఇదే లెక్క. తినగలిగితే వెంటనే తిండి పెట్టండి. తినలేకపోతే ఒక చెంచా తేనె లేదా చిక్కగా కలిపిన గ్లూకోజ్ పొడి వేలికి రాసుకుని చిగుళ్లకు రుద్దండి. స్పృహ లేనప్పుడు గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్‌లో నోట్లో వేలు పెడితే కొరుకుతుంది, పెదవి వెలుపలి నుంచే రాయండి. తేరుకున్నా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. రాసిన తీపి కొద్దిసేపే పనిచేస్తుంది, ఇన్సులిన్ ఇంకా ఒంట్లోనే ఉంటుంది.

క్లినిక్‌లో 340 చూపిస్తే ఇంటికొచ్చాక మా నాన్నగారి మీటరులో 210. ఏది నమ్మాలి?
– ఓ పాఠకురాలు, వరంగల్

రెండూ. కంగారుపడితే పిల్లికి షుగరు అమాంతం ఎగబాకుతుంది, క్లినిక్‌లో కంగారు పడని పిల్లి అరుదు. ఇక మనుషుల మీటరు పిల్లి రక్తంలో అసలు కంటే తక్కువ చూపిస్తుంది. అయినా వాడొచ్చు, ఎప్పుడూ అదే మీటరు వాడి, ఆ సంగతి డాక్టరుకు చెబితే సరి. చెవి అంచును వెచ్చని గుడ్డతో కాసేపు అదిమి, అంచున కనిపించే సన్నని నరం పక్కన పొడిస్తే చుక్క వస్తుంది. కొత్తగా మొదలుపెట్టినవారు సూదికి ముందు రీడింగు 200 లోపుంటే వేయకుండా డాక్టరును అడగండి.

ఎండాకాలం కరెంటు పోతుంటుంది. బుడ్డి పాడవుతుందా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే రెండు మూడు గంటలకేమీ కాదు. డీప్ ఫ్రీజర్ పక్కన పెట్టడమే అసలు తప్పు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగా కనిపించినా పారేయాలి. గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉండాలి, మసకబారితే పనికిరాదు. మూత తీసిన తేదీ బుడ్డి మీద రాయండి. కంపెనీ చెప్పే గడువు 28 రోజులు.

పెరుగన్నం తప్ప తినదు. మాత్రలతో నడవదా?
– ఓ పాఠకురాలు, నెల్లూరు

అన్నం మానిపించాల్సిందే. పిల్లి ఒంటికి పిండిపదార్థంతో పని తక్కువ. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం ఇష్టంగా తింటుంది. కానీ ఒట్టి మాంసంలో కాల్షియం చాలదు, ఉడికిస్తే పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం కూడా తగ్గుతుంది. కాబట్టి పిండి తక్కువున్న, పిల్లుల కోసమే చేసిన తడి ఆహారం మేలు. ఒక్కరోజులో మార్చేయకండి, డాక్టరుకు చెప్పకుండా అసలు మార్చకండి. అన్నం తగ్గితే షుగరూ తగ్గుతుంది, పాత డోసు అప్పుడు ఎక్కువైపోతుంది. తొలి నెలల్లోనే షుగరు బాగా అదుపులోకొచ్చిన పిల్లుల్లో కొన్నింటికి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది, అందుకే మొదట్లో రీడింగులు తరచుగా తీయాలి.

మాత్రల మాటకొస్తే, బెక్సాగ్లిఫ్లోజిన్‌ను అమెరికాలో 2022లో పిల్లుల కోసం అనుమతించారు. అది ఇన్సులిన్ మొదలుపెట్టిన పిల్లులకు కాదు. ఇంట్లో మనుషులు షుగరుకు వేసుకునే, అదే జాతి మాత్ర డాపాగ్లిఫ్లోజిన్‌ను విరిచి పెట్టడం మాత్రం వద్దు. ఆ జాతి మందులతో మీటరులో అంకె మామూలుగా ఉంటూనే కీటోన్లు పెరిగిపోవచ్చు.